ఐదో పద్యం

నాకు ఒకచోట కుదురుగా కూర్చునే అలవాటు చిన్నప్పటినుంచీ లేదు. ఆస్ట్రేలియా వచ్చి సిడ్నీ పక్కన పారమట్టాలో దిగాక అది రోగంలా ముదిరింది. స్టేషన్‌కి దగ్గర్లో, మూడో అంతస్తులో మా ఫ్లాట్. హాలు ఈ గోడనుంచి ఆ గోడకి పదకొండు అంగలు. ఎనభై తొమ్మిదిలోనూ తొంభైలోనూ నేను ఆ పదకొండు అంగలూ ఎన్ని వేలసార్లు నడిచానో కింద ఫ్లాట్ ముసలాయనకే తెలియాలి. పాపం, ఆయన చీపురుకర్రతో తన సీలింగ్‌ని పొడిచేవాడు. నేను రెండు నిమిషాలు ఆగి మళ్ళీ మొదలెట్టేవాణ్ణి.

నడవక ఏం చెయ్యను? గుంటూరు జిల్లాలో ఒక కాలేజీలో తొమ్మిదేళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి. చుట్టుపక్కల ఏ సభ జరిగినా సన్మానపత్రం నాచేతే రాయించేవారు. ప్రిన్సిపాల్ రిటైరైనా, మునిసిపల్ చైర్మన్ గెలిచినా, రైసుమిల్లు యజమాని కొడుక్కి సీటొచ్చినా సరే, పంచరత్నాలు నావే. పంచరత్నాలంటే ఐదు పొగడ్త పద్యాలు. సభలో రాగయుక్తంగా చదవాలి, తర్వాత పటం కట్టించి, శాలువాతో పాటు ఆ పెద్దమనిషి చేతిలో పెట్టాలి. ఇక్కడేమో ప్రభుత్వ ఆఫీసు నేలమాళిగలో ఫైళ్ళు సర్దే పని. "అక్కడ ఏం చేసేవాడివి?" అని మా సూపర్‌వైజర్ ఒకసారి అడిగితే కవినని చెప్పాను. "గుడ్ ఆన్ యా, మేట్" అని ట్రాలీ నా వైపు తోశాడు.

నా సంగతి సరే. చెప్పాల్సింది మా ఆవిడ సంగతి. ఆమె డాక్టరు. ఊళ్ళో ప్రభుత్వాసుపత్రిలో ఎనిమిదేళ్ళు కాన్పులు చేసింది. ఇక్కడ మళ్ళీ పరీక్షలు రాసి ప్యాసైతేగాని స్టెతస్కోపు పట్టనివ్వరు. రాతపరీక్ష మొదటిసారే గట్టెక్కింది. రోగిని పరీక్షించి చూపించాల్సిన రెండో పరీక్ష మాత్రం పోయింది. పోదా మరి? ఈ దేశపు రోగి నొప్పిని ఎలా చెప్పుకుంటాడో, వార్డులో ఎవరు ఎక్కడ నిలబడతారో ఆమె కంటితో చూస్తేగా! ఏదైనా ఆసుపత్రిలో మూడు నెలలు పెద్ద డాక్టర్ల వెనక తిరగనిస్తే చాలు, జీతం కూడా అక్కర్లేదు. అలా తిరగడాన్ని అటాచ్‌మెంట్ అంటారు, అది దొరకాలంటే లోపల పనిచేసే డాక్టరెవరైనా ఉత్తరం ఇవ్వాలి. ఆ ఒక్క ఉత్తరం కోసం ఏడాదిగా ఎదురుచూస్తోంది. ఈలోగా ముసలివాళ్ళుండే నర్సింగ్ హోమ్‌లో ఆయా పని. వాళ్ళకి స్నానాలు చేయించడం, ఎత్తి కుర్చీల్లో కూర్చోబెట్టడం, పక్కబట్టలు మార్చడం. సాయంత్రం ఇంటికొచ్చి కార్పెట్ మీద వెల్లకిలా పడుకుని నడుం వాల్చేది. పడుకున్న మనిషి చుట్టూ నేను పచార్లు చేసేవాణ్ణి.

ఆ ఉత్తరం ఇవ్వగలిగిన తెలుగాయన ఒకే ఒక్కడు. డెబ్భైల మొదట్లోనే వచ్చి స్థిరపడ్డ సర్జన్. అందరికీ అంకులే. ఆయన ఇంట్లో బార్బెక్యూలకి వెళ్ళినప్పుడు మా ఆవిడ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఆయన చేతిలో పటకారుతో కోడిముక్క తిప్పుతూ, "చూద్దాంలే అమ్మాయ్, ఫస్ట్ సెటిల్ అవ్వండి" అన్నాడు. సెటిల్ అవ్వడానికేగా స్వామీ అడుగుతున్నది! నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆమె మాత్రం నవ్వుతూ, "అలాగే అంకుల్" అని సలాడ్ గిన్నె అందించేది. దారిలో నేను తిట్టడం మొదలెడితే, "ఊరుకోండి. అడిగినవాళ్ళకి లేని రోషం మీకెందుకు?" అనేది.

ఆ ఏడాదే, ఇక్కడి డిగ్రీ ఒకటి చేతిలో ఉంటే ఏ స్కూల్లోనైనా తీసుకుంటారని మా ఆవిడ పోరగా పోరగా యూనివర్సిటీలో, ఇక్కడివాళ్ళ మాటలో యూనిలో, పార్ట్ టైమ్‌గా చేరాను. ప్రతి గురువారం మధ్యాహ్నం ప్రాచీన గ్రీసు క్లాసు. ఇంకేదీ నా డ్యూటీ వేళలకి కుదరలేదు, అంతే. నాకు గ్రీకులంటే ఏ ప్రత్యేకమైన మమకారమూ లేదు.

పాఠం చెప్పేది యాభై దాటిన గ్రీకావిడ. ఏదో చిన్న దీవిలో పుట్టి, పదేళ్ళప్పుడు ఓడ మీద వచ్చిందట. నల్లగౌను, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. కాగితం చూడకుండా మాట్లాడేది. ఏప్రిల్‌లో ఒక గురువారం ఆవిడ కవుల సంగతి ఎత్తింది. పాత గ్రీకుల లెక్కలో కవి అంటే ఊరూరా పిలిపించుకునే పనివాడని చెప్పింది. ఇల్లు కట్టాలంటే వడ్రంగిని పిలుస్తారు, జబ్బు చేస్తే వైద్యుణ్ణి, శకునం చూడాలంటే జోస్యుణ్ణి, విందు చేసుకోవాలంటే పాటగాణ్ణి. నలుగురూ ఒకే వరుస. నలుగురూ బయటివాళ్ళే, నలుగురూ కావలసినవాళ్ళే.

వైద్యుడూ కవీ ఒకే వరుసా! నాకు నవ్వు తన్నుకొచ్చింది. మా ఇంట్లో ఆ వరుసంతా ఉంది, పిలిచే నాథుడే లేడు.

"నవ్వొచ్చిందా?" అంది ఆవిడ, నా వైపు తిరిగి. అలా తిరిగిన మనిషి క్లాసయ్యేదాకా నాకే చెప్పింది. విందు జరిగే హాల్లో స్తంభానికి ఆనించి పాటగాడికి కుర్చీ వేసేవారట. మంచి మాంసం ముక్క ముందు అతని పళ్ళేనికే వెళ్ళేదట. తర్వాతి కాలంలో పరుగుపందెంలో గెలిచినవాళ్ళూ రథాలపోటీల్లో గెలిచిన రాజులూ కవుల్ని పిలిపించుకుని పొగడ్తలు కట్టించుకునేవారు. "కానుకలు పుచ్చుకున్నారు కదా అని భట్రాజులనుకోవద్దు. గెలుపు ఒక పూట ఉంటుంది. పాట ఉంటేనే మర్నాడు ఉంటుంది. అందుకే కవి రాజుని పొగుడుతూ పొగుడుతూ మధ్యలో ఒక హెచ్చరిక పెట్టేవాడు, నువ్వూ చచ్చేవాడివేనని, మరీ ఎగరొద్దని. రాజు కూర్చుని వినేవాడు. వినక ఏం చేస్తాడు, పాట కావాలిగా!"

ఆ మాటతో నా కాళ్ళు బల్లకింద ఆడటం మొదలెట్టాయి. క్లాసయ్యాక ఆవిడ వెనకే వెళ్ళి, మీ దీవిలో ఇప్పటికీ కవులున్నారా అని అడిగాను.

"మా చిన్నాన్న ఉండేవాడు. పెళ్ళిళ్ళలో అప్పటికప్పుడు పాట కట్టేవాడు. ముందు వడ్డన ఆయనకే. కానీ ఆయనకి పిల్లనివ్వడానికి మాత్రం ఎవరూ రాలేదు" అని నవ్వి కళ్ళజోడు తుడుచుకుంది.

సరిగ్గా ఆ వారంలోనే అంకుల్ భార్య ఫోన్ చేసింది. మే నెలలో అంకుల్‌కి షష్టిపూర్తి. "మీరు తెలుగు లెక్చరర్ కదా, పంచరత్నాలు మీరే రాయాలి. హాస్పిటల్ నుంచి ఆయన కొలీగ్సంతా వస్తున్నారు, గ్రాండ్‌గా ఉండాలి. పాయింట్లు చెప్తాను, రాసుకోండి." రాసుకున్నాను. మెడిసిన్‌లో గోల్డ్ మెడల్. ఊళ్ళో స్కూలుకి రెండు గదులు. నెమ్మదైన చెయ్యి, ఒక్క కుట్టు వంకర పోదు. "ఆఁ, మర్చిపోయా. లాస్ట్ ఇయర్ గోల్ఫ్‌లో కప్ గెలిచారు. అది కూడా పెట్టండి."

రిసీవర్ పెట్టి హాల్లో నాలుగు చుట్లు తిరిగాను. గ్రీకులకి రథాలు, నాకు గోల్ఫ్ కప్పు!

మా ఆవిడ ముఖం మాత్రం వెలిగింది. "మంచిగా రాయండి. ఆ రోజు అంకుల్ మూడ్ బాగుంటుంది. నేను మళ్ళీ ఒకసారి అడుగుతాను. పరీక్ష ఇయర్ ఎండ్‌లో. ఇప్పుడు దొరక్కపోతే ఇంక దొరికినట్టే!" అంది. ఆమె గొంతులో ఆ ఆశ వింటే నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను.

నాలుగు పద్యాలు రెండ్రోజుల్లో అయిపోయాయి. అందులో గొప్పేం లేదు. చంద్రుడు, సముద్రం, కల్పవృక్షం, కర్ణుడు. తొమ్మిదేళ్ళు అరగదీసిన సరుకే. గోల్ఫ్ కప్పుని కూడా ఉత్పలమాలలో ఎలాగో దూర్చాను. ఐదోది రాలేదు. పారమట్టా నది ఒడ్డున నడిచాను, రాలేదు. ఆఫీసులో ట్రాలీ తోస్తూ గొణుక్కున్నాను, రాలేదు. ఆ గురువారం యూని నుంచి వస్తూ రైల్లో తలుపు దగ్గర నిలబడ్డాను. గ్రాన్‌విల్ స్టేషన్ దాటాక, ఎవరో ఒకావిడ పరుగెత్తుకుంటూ వచ్చిన దృశ్యం మనసులో మెదిలింది. పొద్దున నేను వెళ్తున్న రైలు ఆవిడ ఎక్కబోతుంటే తలుపులు మూసుకున్నాయి. అద్దంలోంచి లోపలివాళ్ళ వంక చూసింది. లోపలివాళ్ళం పేపర్లు చదువుకుంటున్నాం. అంతే, పద్యం దానంతటదే వచ్చేసింది. ఒక్క అక్షరం కొట్టివేత లేదు.

*తలుపు తెఱచి వచ్చి తాళమ్ము వేయగా*
*వెనుక వచ్చువారు వేచినారు*
*వాకిలందు నిలిచి వైద్యవిద్యను మోసి*
*కరుణ కొఱకు చూచు కనులు చూడు*

చిన్న ఆటవెలది. కల్పవృక్షాల్లేవు, సముద్రాల్లేవు. నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. రెండు స్టేషన్లు ముందుకెళ్ళి వెనక్కి వచ్చాను. ఈ దేశం వచ్చాక నేను కవినని నాకు అనిపించిన మొదటి రోజు అదే.

మా ఆవిడ యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. నిలబడే చదివేశాను, రాగం తీసి మరీ. ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ప్లగ్ తీసింది.

"ఇది వద్దండీ."

"ఎందుకొద్దు? ఇదొక్కటే నిజమైన పద్యం. గ్రీకుల్లో..."

"ఆ గ్రీకులు నాకు అటాచ్‌మెంట్ ఇప్పిస్తారా?"

"ఇలాంటిదొకటి వింటేగాని ఆయనకి సిగ్గు రాదు. ఎన్నాళ్ళు అడుక్కుంటాం?"

"నేను అడుక్కోలేదే! అడిగాను. రెండుసార్లు అడిగాను, మూడోసారీ అడుగుతాను. అది నా పని. దాన్ని నలుగురిలో పెట్టి పాడొద్దు మీరు." ఆమె గొంతు పెంచలేదు. యూనిఫాం హ్యాంగర్‌కి తగిలిస్తూ ఇంకో మాట అంది. "ప్రామిస్ చెయ్యండి."

చేశాను. "సరేలే, చదవను" అన్నాను. వేరే ఐదో పద్యం రాశాను కూడా. నిండు నూరేళ్ళు, సుఖశాంతులు, పుత్రపౌత్రాభివృద్ధి. ఏడ్చినట్టుంది. షష్టిపూర్తి రోజు ఆ ఐదు పద్యాల కాగితం లాల్చీ కుడిజేబులో పెట్టుకున్నాను. ఆటవెలది రాసిన చీటీ ఎడమజేబులో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నావని అడిగితే ఏం చెప్పను? ఇంట్లో వదిలి రావడానికి మనసొప్పలేదు.

శనివారం మధ్యాహ్నం, ఒక కమ్యూనిటీ హాలు. రెండొందల మంది. వెనక బల్లల మీద పులిహోర, గారెలు, పక్కనే తెల్లవాళ్ళ కోసం సాండ్‌విచ్‌లు. ముందు వరుసలో ఆసుపత్రి డాక్టర్లు, నర్సులు, మెడలో మేము వేసిన బంతిపూల దండలతో. పట్టుపంచె కట్టుకుని అంకుల్ కొత్త పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. నేను స్టేజి వైపు నడుస్తుంటే మా ఆవిడ గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ ముఖం ఇప్పటికీ నా కళ్ళముందుంది.

"ఏవండీ! అంకుల్ లెటర్ ఇచ్చేశారు. నేను అడగనేలేదు, ఆయనే పిలిచి ఇచ్చారు. మండే నుంచి రమ్మన్నారు. ఎవరితోనూ ఊరికే చెప్పొద్దన్నారు, మిగతావాళ్ళు కూడా అడుగుతారని." హ్యాండ్‌బ్యాగ్ తెరిచి కవరు అంచు చూపించింది. తర్వాత నా జేబుల వంక చూసి, "ఆ పద్యం ఇంట్లోనే పెట్టొచ్చారుగా?" అంది.

తల ఊపాను. మైకు దగ్గరికి వెళ్ళాను.

మొదటి పద్యం ఎత్తుకున్నాను. ఎవరు వింటున్నారు! పిల్లలు కుర్చీల మధ్య పరుగులు. వెనక ఎవరో, "కార్ ఎక్కడ పార్క్ చేశావ్?" అని అరుస్తున్నారు. ఆంటీలు గారెల గిన్నెల మీద అల్యూమినియం రేకులు తీస్తున్నారు. ముందు వరుస తెల్లడాక్టర్లు చర్చిలో కూర్చున్నట్టు మర్యాదగా కూర్చున్నారు. రెండో పద్యం. మూడో పద్యం, గోల్ఫ్ కప్పుది. దానికి ఒకరిద్దరు తప్పట్లు కొట్టారు, ఎవరో గోల్ఫ్ అన్న మాట పట్టుకున్నట్టున్నారు. అప్పుడు అంకుల్ వైపు చూశాను.

ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. కుడిచేతి వేళ్ళు మోకాలి మీద ఆడుతున్నాయి. ఊరికే కాదు, గణాలకి సరిగ్గా! యతి దగ్గర వేలు ఆగుతోంది. పాదం పూర్తయ్యేటప్పటికి చిన్నగా తల పంకిస్తున్నాడు. చిన్నప్పుడు పందిళ్ళలో పద్యనాటకాలు చూసి పెరిగిన మనిషని నాకప్పుడు అర్థమైంది. రెండొందల మందిలో ఒకే ఒక్క శ్రోత. ఈ దేశం వచ్చాక నాకు దొరికిన ఒకే ఒక్క శ్రోత!

నాలుగో పద్యం ఆయన వేళ్ళనే చూస్తూ ముగించాను. అలాంటివాడికి ఆ ఏడుపుగొట్టు ఐదో పద్యం చదవనా? కల్పవృక్షం, కర్ణుడు, ఇవే నా పనితనమని ఆయన అనుకోవాలా? ఉత్తరం వచ్చేసిందని తెలుసు. హెచ్చరికతో పనిలేదని తెలుసు. మా ఆవిడ మూడో వరుసలో కూర్చుని, హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని, నా వంకే చూస్తోందనీ తెలుసు. కోపంతో చదివానని తర్వాత చాలామందితో చెప్పాను. అబద్ధం. మంచి పద్యం జేబులో ఉంది, వినేవాడు ఎదురుగా ఉన్నాడు. నా చెయ్యి ఎడమజేబులోకి పోయింది.

చదివాను. గొంతు బ్రహ్మాండంగా పలికింది. చివరి పాదం దగ్గర అంకుల్ వేళ్ళు మోకాలి మీద ఆగిపోయాయి. కళ్ళు తెరిచాడు.

ఆయన లేచి నిలబడ్డాడు. ఒక చెయ్యి పైకెత్తి, హాలంతా వినపడేలా ఒక్క కేక పెట్టాడు.

"వన్స్ మోర్!"

పందిట్లో నటుడు పద్యం అందుకుంటే మావైపు జనం వేసే కేక అది. విన్నారా, వన్స్ మోర్ అన్నాక నటుడు చచ్చినట్టు మళ్ళీ పాడాల్సిందే. చచ్చిపోయే సీనులో ఉన్నా లేచి కూర్చుని పాడాల్సిందే. పెద్దాయన నిలబడి కేక వేయడంతో హాలు ఒక్కసారిగా సద్దుమణిగింది. పిల్లలు ఆగారు. రేకుల చప్పుడు ఆగింది. రెండొందల మందీ నా వైపు తిరిగారు.

మళ్ళీ చదివాను. ఈసారి ప్రతి మాటా నాకు విడివిడిగా వినిపించింది. తలుపు. తాళం. వాకిలి. మూడో పాదం దగ్గరికి వచ్చేసరికి ఆ వాకిట్లో ఎవరు నిలబడి ఉన్నారో నేనే మొదటిసారి చూశాను. ఆమె వైపు చూడకుండా కాగితం వంక చూస్తూ చదివాను, నాలుగు ముక్కలకి కాగితం అక్కర్లేకపోయినా.

అంకుల్ స్టేజి ఎక్కి మైకు తీసుకున్నాడు. ముందు వరుస కొలీగ్స్‌కి ఇంగ్లీషులో చెప్పాడు, నవ్వుతూనే. "ఈ కవి ఏమంటున్నాడంటే, నేను తలుపు తెరుచుకుని లోపలికొచ్చి తాళం వేసేశానట. ఒక లేడీ డాక్టర్, చదువంతా మోసుకుని, ఇంకా వాకిట్లోనే నిలబడి ఉందట. కరుణ కోసం చూస్తోందట. హి ఈజ్ రైట్, యు నో. మండే నుంచి షీ ఈజ్ విత్ అస్." ఎవరితోనూ చెప్పొద్దన్న మనిషే అలా చెప్పేసి మూడో వరుస వైపు చెయ్యి చూపించాడు.

అందరూ తిరిగి చూశారు. ముందు వరుసలో ఒక నర్సు అయ్యో పాపం అన్నట్టు గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత తప్పట్లు, హాలు దద్దరిల్లేలా. మా ఆవిడ తల వంచుకోలేదు. నవ్వింది. బార్బెక్యూలో సలాడ్ గిన్నె అందించేటప్పటి నవ్వు.

ఆచారం తిరగబడి అంకుల్ తన భుజం మీది శాలువానే తీసి నాకు కప్పాడు. చెవిలో, "ఐదోది బాగుందయ్యా కవీ! మొదటి నాలుగూ అబద్ధాలు" అన్నాడు. నేను పొంగిపోయానని ఒప్పుకోవాలి. ఆ పొంగు స్టేజి మెట్లు దిగేదాకా ఉంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నేను కూర్చోలేక తలుపు దగ్గర నిలబడ్డాను. ఇంటికొచ్చాక చీర మార్చుకుని, టీ పెట్టి, నాకో కప్పు ఇచ్చి, అప్పుడడిగింది.

"వాకిట్లో ఉన్నది నేనేగా?"

"అది... జనరల్‌గా, వెనకొచ్చే డాక్టర్లందరి..."

"చెప్పండి. నేనేగా?"

"నువ్వే."

"నేను కరుణ అడిగానా ఎవర్నైనా?"

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. కప్పు కడిగి, బోర్లించి, సోమవారం కోసం షూస్‌కి పాలిష్ పెట్టుకుంది.

సోమవారం వెళ్ళింది. వార్డులో అడుగు పెట్టగానే పెద్ద సిస్టర్ ఎదురొచ్చి ఆప్యాయంగా చెయ్యి పట్టుకుందట. "ఓ, యు ఆర్ ద లేడీ అట్ ద డోర్!" ఆ మూడు నెలలూ అందరూ చాలా మంచిగా చూశారట. కష్టమైన కేసు వస్తే మాత్రం ఆమెని పిలిచేవారు కాదట, పాపం ఎందుకు ఇబ్బంది పెట్టడమని. ఇంకోళ్ళని అడిగే ప్రశ్నలు ఆమెని అడిగేవారు కాదట. ఆమె పట్టుబట్టి అడిగించుకునేది. ఇవన్నీ ఆమె నాకు ఫిర్యాదులా చెప్పలేదు. అన్నం తింటూ, వేరే ఏదో చెబుతూ, మధ్యలో చెప్పేది. నేను లేచి పదకొండు అంగలు నడిచేవాణ్ణి.

నేను యూనికి వ్యాసం రాశాను, గ్రీకు సమాజంలో కవి స్థానం గురించే. నా అనుభవం కూడా కొంత జోడించాను, కాస్త గర్వంగానే. గ్రీకావిడ మంచి మార్కులేసింది. చివర పెన్సిల్‌తో రెండు వాక్యాలు రాసింది. కవి గురించీ, కవిని పోషించినవాడి గురించీ బాగా రాశావు. ఎవరి గురించి పాడారో ఆ మనిషి గురించి ఒక్క ముక్క లేదేం? ఆ కాగితం మా ఆవిడకి చూపించలేదు.

ఏడాది చివర ఆమె రెండో పరీక్ష ప్యాసైంది. ఎవరి కరుణా లేకుండా, దర్జాగా. ఆ రోజు నేను ఇంట్లో నడిచిన నడకకి కింది ముసలాయన చీపురుకర్ర విరిగే ఉంటుంది. కానీ పద్యం ఆగలేదు. సిడ్నీ తెలుగు సంఘం వాళ్ళు తమ పత్రికలో వేశారు. ఆదివారం తెలుగు క్లాసుల్లో పిల్లలకి నేర్పారు, చిన్నగా, తేలిగ్గా ఉందని. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్లలు కూడా ఆ నాలుగు పాదాలూ గడగడా అప్పజెప్పేవారు. మేం ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరు, "కనులు చూడు పద్యం మీ మీదేనటగా?" అని ఆమెని పలకరించేవారు. ఆమె డాక్టరని తర్వాత తెలిసేది.

తొంభై రెండులో బ్రిస్బేన్‌లో ఆమెకి ఉద్యోగమొచ్చింది. సిడ్నీలోనూ వచ్చింది. బ్రిస్బేనే ఎంచుకుంది. ఎందుకని నేను అడగలేదు. అక్కడ మమ్మల్నెవరూ ఎరగరు. మొదటి నెలలో ఆమె పక్కింటివాళ్ళకి చెయ్యి చాపి, "నేను డాక్టర్ని" అని చెప్పుకోవడం విన్నాను. ఆ మాటకి ముందు ఇంకో మాట లేదు.

మూడో నెలలో అక్కడే సన్నీబ్యాంక్ అనే పేటలో ఒక కాకినాడ ఆంటీ ఇంటికి భోజనానికి పిలిచారు. పదిహేను మందిమి. అన్నాలయ్యాక ఆంటీ ద్రాక్షపళ్ళ పళ్ళెం తిప్పుతూ, "సిడ్నీలో ఎవరో భలే పద్యం రాశారు, మా మనవరాలు నేర్చుకొచ్చింది. చెప్పవే" అంది. ఏడేళ్ళ పిల్ల సోఫా మీద నిలబడి, చేతులు కట్టుకుని, చక్కగా చెప్పింది. అందరూ భలే భలే అన్నారు. ఎవరో, "ఎవర్ని చూసి రాశారో పాపం" అన్నారు. ఇంకెవరో, "ఎవరో డాక్టరమ్మట, ఆయన భార్యేనట" అన్నారు. నేను ద్రాక్షపండు నోట్లో పెట్టుకుని నమలకుండా ఉండిపోయాను.

మా ఆవిడ పిల్లని దగ్గరికి తీసుకుని, "బాగా చెప్పావమ్మా" అంది. తర్వాత అందరి వైపూ తిరిగి, "నన్ను చూసే రాశారు" అంది.

కారు తనే నడిపింది. నేను పక్కసీట్లో కాలు ఆడిస్తూ, క్షమాపణకి మాటలు వెతుక్కుంటూ కూర్చున్నాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "నేను ఆ పద్యం రాయకుండా ఉండాల్సింది" అన్నాను.

"రాసినందుకు కాదండీ" అంది ఆమె, రోడ్డు వంకే చూస్తూ. "చెడ్డ పద్యం రాసుంటే ఎవరికీ గుర్తుండేది కాదు. మంచి పద్యం రాశారు. ఇంక నేను ఎప్పటికీ ఆ వాకిట్లోనే నిలబడి ఉంటాను."